లాపరోస్కోపీ చేయించుకోమన్నప్పుడు: ఒప్పుకునే ముందు అడగవలసినవి, ఆ తర్వాత గమనించవలసినవి

గర్భసంచి, అండాశయాలు, గర్భనాళాలలో ఏదో ఒక ఇబ్బందితో వైద్యుల దగ్గరకు వెళ్ళిన స్త్రీకి “లాపరోస్కోపీ చేద్దాం”, అంటే పొట్టకు పెట్టిన చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పరికరాలనూ పంపి ఆపరేషన్ చేద్దాం, అన్న సలహాతో పాటు “చిన్న రంధ్రాలే, త్వరగా ఇంటికి వెళ్ళిపోవచ్చు” అన్న ధైర్యం కూడా దొరుకుతుంది. ఆ ధైర్యంలో అబద్ధమేమీ లేదు. పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సతో పోలిస్తే నొప్పి, రక్తస్రావం, గాయంలో చీము పట్టే అవకాశం, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు అన్నీ తగ్గుతాయి. అయితే పైకి కనిపించే కోత చిన్నదైనంత మాత్రాన లోపల జరిగే పని చిన్నదైపోదు. ఇది పూర్తి మత్తులో, పేగులకూ పెద్ద రక్తనాళాలకూ పక్కనే చేసే ఆపరేషన్. దీని ప్రయోజనం పూర్తిగా అందాలన్నా, అరుదుగా ఎదురయ్యే ప్రమాదాన్ని వేళకు గుర్తించాలన్నా, కొంత పని మీరే చేయాలి. ఆ పనిని వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఎందుకు చేస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పించుకోండి

లాపరోస్కోపీ రెండు రకాల అవసరాలకు చేస్తారు. మొదటిది లోపల ఏముందో చూడటానికి. రెండవది ముందే తెలిసిన జబ్బుకు చికిత్స చేయడానికి. చాలాసార్లు మొదటిదిగా మొదలై రెండవదిగా ముగుస్తుంది. కాబట్టి “ఈ ఆపరేషన్‌తో మీరు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు, జవాబు దొరికితే నా చికిత్స ఏ విధంగా మారుతుంది?” అని మొహమాటపడకుండా అడగండి. జవాబు ఏదైనా చికిత్స మారదని తేలితే, ఆ లాపరోస్కోపీ అవసరమా అన్నది మళ్ళీ ఆలోచించవలసిన విషయం.

ఒకప్పుడు పొత్తికడుపు నొప్పికీ, సంతానం కలగకపోవడానికీ కారణం తెలియనప్పుడు లోపలికి చూడటం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్, ఎమ్మారై స్కాన్లు చాలా విషయాలను ముందే చెప్పేస్తున్నాయి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే జబ్బు) నిర్ధారణకు లాపరోస్కోపీయే తిరుగులేని పరీక్ష అన్న అభిప్రాయాన్ని ఐరోపా మానవ పునరుత్పత్తి, పిండశాస్త్ర సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలలో పక్కన పెట్టింది. స్కానింగులో ఏమీ కనబడని వారికి, లేదా మందులు వాడినా గుణం కనిపించని వారికి మాత్రమే నిర్ధారణ కోసం లాపరోస్కోపీని ఆలోచించాలని సూచించింది. అందువల్ల నొప్పికి కారణం కనుక్కోవడానికే ఈ సలహా వచ్చి ఉంటే, మంచి స్కానింగ్ జరిగిందా, మందులతో కొంతకాలం ప్రయత్నించి చూశారా అన్నది మొదట తేల్చుకోండి. లోపల చూసి కూడా ఏ లోపమూ కనిపించని సందర్భాలు చాలానే ఉంటాయని, అలా జరిగినంత మాత్రాన మీ నొప్పి అబద్ధమైపోదని కూడా గుర్తుంచుకోండి.

2. లోపల ఏం చేస్తారో కొంచెం తెలుసుకోండి

మత్తు ఇచ్చిన తరువాత బొడ్డు దగ్గర సుమారు 10 మిల్లీమీటర్ల కోత పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపుతారు. ఈ వాయువు మండదు. రక్తంలో సులభంగా కరిగి ఊపిరితో బయటకు పోతుంది. అందుకే దీనిని ఎంచుకున్నారు. పొట్ట ఉబ్బి పేగులకూ పొట్ట గోడకూ మధ్య ఖాళీ ఏర్పడ్డాక, సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర దానిని నిలిపి, కెమెరా ఉన్న గొట్టాన్ని లోపలికి పంపుతారు. పొత్తికడుపు కింది భాగంలో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు మరో రెండో మూడో పెట్టి, వాటి గుండా పరికరాలను నడుపుతారు. పేగులు పైకి జరిగి గర్భసంచి స్పష్టంగా కనబడటం కోసం తల వైపు కిందికి, కాళ్ళ వైపు పైకి ఉండేలా బల్లను వంచుతారు.

ఈ వివరాలు తెలుసుకోవడం వృథా కాదు. పెద్ద ప్రమాదాలలో దాదాపు సగం, అసలు ఆపరేషన్ మొదలుకాక ముందే, పొట్టలోకి మొదటి సూదిని లేదా గొట్టాన్ని దింపేటప్పుడు జరుగుతాయి. తరువాత వేసే గొట్టాలు కెమెరా కళ్ళెదుట దిగుతాయి. మొదటిది మాత్రం చాలా పద్ధతులలో చూపు లేకుండానే దిగుతుంది. మీ శరీర చరిత్ర వైద్యులకు పూర్తిగా తెలియడం ఎంత ముఖ్యమో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

3. మీ విషయంలో లాభం ఎంతో బేరీజు వేసుకోండి

కొన్ని సందర్భాలలో లాపరోస్కోపీ విలువ గురించి సందేహమే అక్కర్లేదు. గర్భం గర్భసంచిలో కాక గర్భనాళంలో నిలిచినప్పుడు, రక్తస్రావంతో రోగి పరిస్థితి విషమించనంత వరకు, పొట్ట కోయడం కన్నా ఇదే మేలు. నాళాన్ని తీసివేయకుండా అందులోని గర్భాన్ని మాత్రమే తొలగించినట్లయితే, కొంత కణజాలం మిగిలిపోయి పెరిగే అవకాశం ఉంటుంది గనుక గర్భం వల్ల రక్తంలో పెరిగే హెచ్‌సీజీ హార్మోను పూర్తిగా తగ్గేవరకు రక్తపరీక్షలు చేయించుకోవాలి. మీ రక్తం నెగెటివ్ గ్రూపు అయితే తరువాతి గర్భంలో బిడ్డకు హాని కలగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి తప్పక అడగాలి. అండాశయం మెలిపడినప్పుడు కూడా అంతే. మెలి విప్పితే నల్లబడినట్టు కనిపించిన అండాశయం సైతం చాలాసార్లు కోలుకుంటుంది, అయితే అందుకు గంటల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

అండాశయంలోని మామూలు తిత్తులు, ఎండోమెట్రియోసిస్, గర్భసంచిలో వచ్చే, క్యాన్సర్ కాని కొన్ని రకాల ఫైబ్రాయిడ్ గడ్డలు, కుటుంబ నియంత్రణ కోసం చేసే ట్యూబెక్టమీ కూడా లాపరోస్కోపీకి బాగా అనువైనవే. గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేవో నీలి రంగు మందు ఎక్కించి కళ్ళారా చూడవచ్చు. అయినా ఈ లాభాలకు పక్కనే మరో లెక్క ఉంటుంది. ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో ఏర్పడిన చాక్లెట్ సిస్ట్‌ను ఒలిచి తీసేటప్పుడు దాని గోడతో పాటు ఆరోగ్యకరమైన అండాలు కూడా కొన్ని పోతాయి. ఇకముందు పిల్లలు కావాలనుకునే స్త్రీ, ముఖ్యంగా రెండు అండాశయాలలోనూ తిత్తులున్న స్త్రీ, ఆపరేషన్‌కు ముందు ఏఎంహెచ్ పరీక్ష (అండాల నిల్వ ఎంత మిగిలిందో అంచనా వేసే రక్తపరీక్ష) చేయించుకుని ఈ విషయం మాట్లాడుకోవడం మంచిది. ఫైబ్రాయిడ్ తీసిన చోట గర్భసంచి గోడకు మచ్చ మిగులుతుంది కాబట్టి, తరువాతి గర్భాన్ని ఎప్పుడు ప్రయత్నించాలి, కాన్పు ఏ విధంగా జరగాలి అన్నది ఆ గడ్డ ఎంత లోతులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. అదీ ముందే అడగవలసిన మాటే.

గర్భసంచి తొలగించే ఆపరేషన్ దగ్గర కొంచెం నిలబడి ఆలోచించాలి. లాపరోస్కోపీ అన్న మాట వినబడగానే అదే అన్నిటికన్నా ఆధునికమైనది, కాబట్టి అన్నిటికన్నా మంచిది అనుకోవడం సహజం. కానీ యోని మార్గం ద్వారానే గర్భసంచిని తీయడం సాధ్యమైన స్త్రీకి ఆ పాత పద్ధతే మొదటి ఎంపికగా ఉండాలన్నది పరిశోధనలు చెబుతున్న మాట. అందులో పొట్ట మీద కోతే ఉండదు, సమయమూ తక్కువ పడుతుంది. యోని మార్గం కుదరనప్పుడు, పొట్ట కోయడానికి బదులుగా లాపరోస్కోపీని ఎంచుకోవడంలో లాభం ఎక్కువ. అప్పుడు కూడా మూత్రాశయానికీ, మూత్రనాళానికీ దెబ్బ తగిలే అవకాశం పొట్ట కోసి చేసే పద్ధతిలో కన్నా కొంచెం ఎక్కువేనని తెలిసి ఒప్పుకోవాలి. “నాకు యోని ద్వారా ఎందుకు కుదరదు?” అన్న ప్రశ్నకు మీకు అర్థమయ్యే జవాబు రావాలి.

క్యాన్సర్ అనుమానం ఉంటే లెక్క మొత్తం మారుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో చేసే పెద్ద ఆపరేషన్‌ను లాపరోస్కోపీతో చేసినవారిలో, పొట్ట కోసి చేసినవారి కన్నా జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా, బతికి ఉండటం తక్కువగా ఉన్నట్టు 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపించింది. చిన్న కోత ఎప్పుడూ మేలేనన్న నమ్మకాన్ని అది గట్టిగా కుదిపింది. అదే విధంగా, పెద్ద ఫైబ్రాయిడ్లను చిన్న రంధ్రం గుండా బయటకు తీయడానికి ముక్కలు చేసే మార్సెలేటర్ అనే యంత్రం విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరిక జారీ చేసింది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో సుమారు 350 మందిలో ఒకరికి బయటపడని సార్కోమా క్యాన్సర్ ఉండవచ్చని, యంత్రం దానిని ముక్కలు చేసి పొట్టంతా చల్లే ప్రమాదం ఉందని అప్పటి అంచనా. ఆ తరువాత ఆ సంస్థ, యంత్రాన్ని వాడితే గడ్డను సంచిలో మూసి ఉంచి మాత్రమే వాడాలని చెప్పింది. కాబట్టి గడ్డ పెద్దదైతే, మీ వయసు 50 దాటితే, లేదా ముట్లు ఆగిపోయిన తరువాత కూడా గడ్డ పెరుగుతుంటే, దానిని బయటకు ఎలా తీస్తారో అడిగి తెలుసుకోండి.

4. మీ చరిత్రలో ఏదీ దాచకండి

గతంలో పొట్ట మీద జరిగిన ప్రతి ఆపరేషన్ గురించీ చెప్పండి. సిజేరియన్, అపెండిక్స్, హెర్నియాకు వేసిన జాలీ, ఎప్పుడో చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్ ఏదైనా సరే. పాత కోతల కింద పేగులు పొట్ట గోడకు అతుక్కుని ఉండవచ్చు. అది తెలిస్తే సర్జన్ బొడ్డు దగ్గర కాకుండా ఎడమ పక్క పక్కటెముకల కింద నుంచి మొదటి సూదిని పంపడమో, చిన్న కోత పెట్టి కంటితో చూస్తూ లోపలికి వెళ్ళడమో చేస్తారు. ఊబకాయం ఉన్నవారిలో ప్రమాదం పెరుగుతుందని అందరూ ఊహించగలరు. బాగా సన్నగా ఉన్నవారిలోనూ పెరుగుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. అలాంటి శరీరంలో బొడ్డుకూ వెనక ఉన్న అతిపెద్ద రక్తనాళానికీ మధ్య దూరం చాలా తక్కువ.

గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే మత్తు వైద్యులకు ప్రత్యేకంగా చెప్పాలి. పొట్టలో వాయువు నిండి, తల కిందికి వాలినప్పుడు వాటి మీద భారం పెరుగుతుంది. రక్తం పలుచబరిచే మందులు, మధుమేహం మందులు, గర్భనిరోధక మాత్రలు, ఆకుమందులు, అలర్జీలు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఏ మందు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో వైద్యుల చేత రాయించుకోవాలి గాని సొంతంగా ఆపకూడదు. చివరి ముట్టు తేదీ కచ్చితంగా చెప్పండి. గర్భం ఉండే అవకాశం కొంచెమైనా ఉంటే పరీక్ష చేయించమనండి.

5. ప్రమాదాన్ని అంకెలతో అర్థం చేసుకోండి

“ఏమీ కాదులెండి” అన్నది జవాబు కాదు. భయపెట్టడమూ జవాబు కాదు. చూడటానికి మాత్రమే చేసే లాపరోస్కోపీలో పేగు, మూత్రాశయం, మూత్రనాళం, పెద్ద రక్తనాళం వంటి వాటికి దెబ్బ తగిలే తీవ్ర ప్రమాదం సుమారు 1000 మందిలో ఇద్దరికి ఉంటుందని, లక్ష మందిలో 3 నుంచి 8 మంది దీని దుష్ఫలితాలతో మరణిస్తారని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ అంగీకారం గురించి ఇచ్చిన సలహాపత్రంలో పేర్కొంది. లోపల చికిత్స కూడా చేస్తే, పని క్లిష్టమైన కొద్దీ ఈ అంకె పెరుగుతుంది. తీవ్రం కానివి, అంటే కోత దగ్గర కమిలిపోవడం, భుజం నొప్పి, గాయం చీము పట్టడం వంటివి, ఇంతకన్నా చాలా తరచుగా వస్తాయి.

ఈ అంకెలలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. పేగుకు తగిలిన గాయాలలో 15 శాతం వరకు ఆపరేషన్ సమయంలో గుర్తించలేకపోవచ్చని అదే సలహాపత్రం చెబుతోంది. కరెంటుతో కాల్చే పరికరం వేడి తగిలిన పేగు ఆ రోజు బాగానే కనిపించి, కొన్ని రోజుల తరువాత చిల్లు పడవచ్చు. మీ బాధ్యత ఇంటికి వచ్చాక కూడా కొనసాగడానికి కారణం ఇదే.

6. అంగీకార పత్రం మీద సంతకానికి ముందు

పత్రాన్ని ఆపరేషన్ రోజు ఉదయం బల్ల మీద పడుకోబెట్టాక ఇస్తే చదవడం కుదరదు. ముందు రోజే, వీలైతే అంతకన్నా ముందే తీసుకోండి. అవసరమైతే పొట్ట కోయవచ్చు అన్న వాక్యం అందులో ఉంటుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. చిన్న రంధ్రాల గుండా పని సురక్షితంగా జరగదని గ్రహించి పొట్ట తెరిచిన సర్జన్ సరైన పనే చేసినట్టు. మొండిగా కొనసాగించిన సర్జన్ గురించే ఆలోచించాలి.

అనుకోనిది ఏదైనా కనబడితే ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో స్పష్టంగా రాయించండి. అండాశయాన్ని తీసేయవలసి వస్తే ఒప్పుకుంటారా, గర్భనాళాన్ని తీసేయడానికి ఒప్పుకుంటారా, లేక ప్రాణాపాయం లేకపోతే మిమ్మల్ని లేపి అడిగిన తరువాతే చేయాలా అన్నది మీరు తేల్చవలసిన విషయం. కుటుంబ సభ్యులు బయట కూర్చుని తేల్చవలసినది కాదు. ఇలాంటి ఆపరేషన్లు ఈ సర్జన్ తరచుగా చేస్తుంటారా, పేగు లేదా మూత్రనాళం దెబ్బతింటే సరిచేసే వైద్యులు అందుబాటులో ఉంటారా అని అడగడం అమర్యాద కాదు.

7. ఆపరేషన్‌కు సిద్ధం కావడం

పొగతాగే అలవాటు ఉంటే ఎంత ముందుగా మానితే అంత మంచిది. సాధారణంగా ఘనాహారం 6 గంటల ముందు, మంచినీళ్ళు 2 గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి చెప్పిన వేళలనే పాటించండి. బొడ్డును సబ్బుతో శుభ్రం చేసుకోండి. గోళ్ళ రంగు తీసేయండి, ఎందుకంటే రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పును వేలికే తగిలిస్తారు. అదే రోజు ఇంటికి పంపేటట్లయితే కనీసం ఆ రాత్రి వయసు వచ్చిన వారు ఒకరు మీ వెంట ఉండేలా ఏర్పాటు చేసుకోండి.

8. మొదటి రోజులు

మెలకువ వచ్చాక పొట్ట నొప్పి కన్నా భుజం నొప్పి ఎక్కువగా ఉంటే ఆశ్చర్యపోకండి. మిగిలిపోయిన వాయువు పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న డయాఫ్రం అనే కండరాన్ని చికాకు పెడుతుంది. ఆ కండరానికి వెళ్ళే నరం నొప్పిని భుజంలో తెలియజేస్తుంది. ఒకటి రెండు రోజులలో అది తగ్గిపోతుంది. లేచి మెల్లగా నడవడం, చెప్పిన నొప్పి మాత్రలను నొప్పి ముదరక ముందే వేసుకోవడం ఉపకరిస్తాయి. నడక వల్ల కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం కూడా తగ్గుతుంది.

చూడటానికి మాత్రమే చేసిన లాపరోస్కోపీ అయితే చాలామంది వారంలోపు మామూలు పనులకు వస్తారు. తిత్తి తీయడం వంటి చికిత్స జరిగితే రెండు మూడు వారాలు, గర్భసంచి తీస్తే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పైన మచ్చలు చిన్నవి కావడం వల్ల ఇంట్లోవారూ, కొన్నిసార్లు మీరూ, కోలుకోవడం పూర్తయిందనుకుని బరువులెత్తడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. గర్భసంచి తీసిన తరువాత యోని పైభాగంలో వేసిన కుట్లు విడిపోవడం లాపరోస్కోపీ పద్ధతిలో కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే వైద్యులు పరీక్షించి సరే అనేవరకు, సాధారణంగా 6 నుంచి 8 వారాలు, లైంగిక కలయికకు దూరంగా ఉండాలి.

9. ఎప్పుడు వెనక్కి పరుగెత్తాలి

ఈ ఒక్క భాగాన్ని ఇంట్లో మీతో ఉండేవారి చేత కూడా చదివించండి. లాపరోస్కోపీ తరువాత ప్రతి రోజూ ముందు రోజు కన్నా మెరుగ్గా ఉండాలి. ఈ క్రమం తలకిందులైతే, అంటే తగ్గిన నొప్పి మళ్ళీ పెరిగితే, లేదా ఒకటి రెండు రోజులు గడిచినా నొప్పి తగ్గకపోగా ముదురుతుంటే, కారణం ఏదో ఉందని భావించాలి. దానితో పాటు జ్వరం, వాంతులు, పొట్ట ఉబ్బి గట్టిపడటం, ఆకలి పూర్తిగా చచ్చిపోవడం, గుండెదడ వంటివి ఏవి కనిపించినా పేగు గాయం కాదని తేలేవరకు అదేనేమోనన్న అనుమానంతోనే చూడాలి. ఈ గాయం కొందరిలో మామూలు లక్షణాలతో బయటపడదు. జ్వరం లేకుండా, ఒకే ఒక్క రంధ్రం దగ్గర నొప్పిగా, “ఏదో బాగాలేదు” అన్న భావనగా మొదలవుతుంది. కాబట్టి అన్ని లక్షణాలూ కూడేవరకు వేచి చూడకండి.

మూత్రం రాకపోవడం, నడుము పక్కన నొప్పి, యోని నుంచి నీళ్ళలా ఆగకుండా కారడం మూత్రాశయం, మూత్రనాళాల గాయాన్ని సూచించవచ్చు. ఇవి కొన్ని రోజుల తరువాత కూడా బయటపడతాయి. ఒక కాలి పిక్కలో వాపూ నొప్పీ, లేదా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. అధిక రక్తస్రావం అయినా, కళ్ళు తిరిగి పడిపోయినా వెంటనే వెళ్ళాలని వేరే చెప్పనవసరం లేదు. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చోట దగ్గినప్పుడు ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు. నొప్పీ వాంతులూ తోడైతే వెంటనే చూపించాలి.

ఫోనులో “గ్యాస్ వల్లే, మాత్ర వేసుకోండి” అన్న సలహా వచ్చినా మీ పరిస్థితి దిగజారుతుంటే నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. ఆపరేషన్ చేసిన చోటు దూరమైతే దగ్గరలోని అత్యవసర విభాగానికి వెళ్ళి, మొదటి మాటగానే “నాకు ఫలానా రోజు లాపరోస్కోపీ జరిగింది” అని చెప్పండి. ఆ మాట చెప్పకపోతే, పొట్ట మీద చుక్కల్లాంటి కుట్లు చూసి పెద్ద ఆపరేషన్ జరిగిందని ఎవరికీ తట్టకపోవచ్చు.

10. కాగితాలు తెచ్చుకోండి

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. ఆపరేషన్‌లో ఏం కనబడింది, ఏం చేశారు, ఏది చేయకుండా వదిలేశారు అన్నది రాసిన ఆపరేషన్ నోట్స్ నకలు, లోపల తీసిన ఫొటోలు లేదా వీడియో అడగండి. ముక్క పరీక్షకు పంపారేమో కనుక్కుని, పంపితే ఆ బయాప్సీ రిపోర్టు ఎప్పుడు వస్తుందో, ఎవరు చెబుతారో రాసుకోండి. తిత్తి మామూలుదేనని నోటిమాటగా విని ఊరుకున్నవారు రిపోర్టు తెచ్చుకోవడం మరిచిపోతుంటారు. మత్తు దిగుతున్న వేళ వైద్యులు చెప్పినవి సగం గుర్తుండవు కాబట్టి, వారం పది రోజుల తరువాత చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అదే వివరం మళ్ళీ చెప్పమని అడగండి. గర్భం కోసం ఎప్పటి నుంచి ప్రయత్నించవచ్చో, గర్భం ఇప్పుడే వద్దనుకుంటే ఏ పద్ధతి వాడాలో కూడా ఆ రోజే తేల్చుకోండి. ఎన్నో ఏళ్ళ తరువాత మరో సర్జన్ మీ పొట్టలోకి చూడవలసి వస్తే, పేగు ఎక్కడ అతుక్కుని ఉందో ముందే చెప్పగలిగేది ఆ పాత నోట్సే.